పెద్ద బ్యాంకుల షేర్లకు పీఈ ఒక్కటే చూస్తే సరిపోతుందా?

ఉక్కునగరం_రిటైర్డ్:
అందరికీ నమస్కారం. స్టీల్ ప్లాంటులో రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఎఫ్‌డీల్లో, సీనియర్ సిటిజన్ స్కీములో ఉంది. దాన్ని కదపను. మిగిలిన కొంత సొమ్ముతో రెండు మూడు పెద్ద బ్యాంకుల షేర్లు కొని పదేళ్లు ఉంచుదామని ఆలోచన. యాప్‌లో చూస్తే ఒక ప్రభుత్వ బ్యాంకు పీఈ 10 దగ్గర, ఒక ప్రైవేటు బ్యాంకు పీఈ 20 దగ్గర చూపిస్తోంది. మా అల్లుడు 10 ఉన్నదే చవక, అదే కొనండి అంటున్నాడు. పొద్దున నడకలో కలిసే మిత్రుడేమో ప్రభుత్వ బ్యాంకుల పీఈ ఎప్పుడూ అలాగే ఉంటుంది, దాన్ని చవక అనుకోవద్దు అంటున్నాడు. ఇద్దరూ ధీమాగానే చెబుతున్నారు. కొనాలా వద్దా అని అడగడం లేదు. ఈ పీఈ అనేది బ్యాంకుల విషయంలో ఎలా చదవాలో ఎవరైనా విడమరిచి చెప్పగలరా?

గాజువాక_ట్రేడర్:
నమస్తే అంకుల్. షేరు ధరను ఈపీఎస్‌తో, అంటే ఒక్కో షేరుకు వచ్చిన ఏడాది లాభంతో భాగిస్తే పీఈ వస్తుంది. ధర 800, ఈపీఎస్ 80 అయితే పీఈ 10. లాభం ఇలాగే ఉంటే మీరు పెట్టిన ధరకు సమానమైన సొమ్మును బ్యాంకు పదేళ్లలో సంపాదిస్తుంది. 20 ఉన్నదానికి ఇరవై ఏళ్లు పడుతుంది. రెండూ పెద్ద బ్యాంకులే, రెండూ అప్పులిచ్చే వ్యాపారమే. నాకైతే మీ అల్లుడి గారి మాటే సబబుగా ఉంది.

పాత_క్రెడిట్_ఆఫీసర్:
గాజువాక తమ్ముడూ, నువ్వన్న 'లాభం ఇలాగే ఉంటే' అన్న ముక్క దగ్గరే అసలు చిక్కంతా ఉంది. బ్యాంకు లాభం ఇలాగే ఉండదు.

స్టేట్ బ్యాంక్ స్టాండలోన్ లెక్కలు, అంటే అనుబంధ కంపెనీలను కలపకుండా బ్యాంకు ఒక్కదాని లెక్కలు చూడండి. 2017-18లో 6,547 కోట్ల నష్టం. 2018-19లో 862 కోట్ల లాభం. ఆ తర్వాత వరుసగా 14,488 కోట్లు, 20,410 కోట్లు, 31,676 కోట్లు. 2022-23లో 50,232 కోట్లు, 2023-24లో 61,077 కోట్లు, 2024-25లో 70,901 కోట్లు. అదే బ్యాంకు, అవే శాఖలు, దాదాపు అదే సిబ్బంది.

ఇప్పుడు పీఈ కట్టండి. 2019 మార్చి చివర షేరు ధర 320 రూపాయల దగ్గర ఉంది. షేర్ల సంఖ్య సుమారు 892 కోట్లు కాబట్టి ఈపీఎస్ రూపాయి కూడా లేదు. పీఈ 330 పైమాటే. అంతకుముందు ఏడాది నష్టం కాబట్టి పీఈ అన్న మాటకే అర్థం లేదు. 2024 మార్చి చివరికి ధర 750 దాటింది, ఈపీఎస్ 68 రూపాయలు, పీఈ 11. అంటే పీఈ ప్రకారం నడుచుకున్నవాడు 320 దగ్గర 'అమ్మో, ఎంత ఖరీదు' అని పక్కకు తప్పుకునేవాడు, 750 దగ్గర 'చవకే' అని కొనేవాడు. మధ్యలో 2020లో అదే షేరు 200 కిందకు కూడా పడింది, కాబట్టి 320కి కొన్నవాళ్లు హాయిగా ఉన్నారని నేననడం లేదు. పీఈ చూపించిన దారి మాత్రం తలకిందులుగా ఉంది.

వేట నిషేధం ఉన్న రెండు నెలల రాబడి చూసి ఫిషింగ్ హార్బర్లో ఎవరూ పడవకు ధర కట్టరు. బ్యాంకు షేరుకు మాత్రం మనం ఆ పనే చేస్తుంటాం.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, అప్పు ఇచ్చిన రోజు నుంచీ వడ్డీ ఆదాయంగా లెక్కలోకి వస్తుంది. ఆ అప్పు చెడ్డదని తేలేది రెండు మూడేళ్ల తర్వాత. వాయిదా 90 రోజులు దాటితే అది మొండి బకాయి. అప్పుడు లాభంలోంచి కొంత పక్కన పెట్టాలి, దాన్నే ప్రొవిజన్ అంటాం. అప్పులు జోరుగా ఇచ్చిన కాలంలో లాభం ఉబ్బుతుంది, ఆ పాపం తర్వాతి ఏళ్లలో బయటపడుతుంది. 2015లో రిజర్వ్ బ్యాంక్ ఆస్తుల నాణ్యత సమీక్ష చేసి, దాచి ఉంచిన మొండి బకాయిలన్నీ ఒప్పుకోమని బ్యాంకుల మెడలు వంచింది. 2017-18 నష్టాల వేర్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందు ఇచ్చిన అప్పుల్లో ఉన్నాయి. క్రెడిట్ విభాగంలో పనిచేసినవాడిగా చెబుతున్నా, బ్యాంకు ఈ ఏడాది లాభంలో సగం కథ పాత ఏళ్లది.

మధురవాడ_టెకీ:
ఇది చదివాక ఒక సందేహం వచ్చింది సార్. మా ఐటీ కంపెనీలకు పీఈ 25 ఉన్నా ఎవరూ ఆశ్చర్యపోరు. బ్యాంకు 20 అంటేనే ఖరీదు అంటారు. లాభం రూపాయి అంటే ఎక్కడైనా రూపాయే కదా?

సిరిపురం_సీఏ:
కాదండి, రూపాయికీ రూపాయికీ తేడా ఉంది. ఐటీ కంపెనీ పెరగాలంటే మనుషులు కావాలి, పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. సంపాదించిన దాంట్లో చాలా భాగం డివిడెండుగానో, కంపెనీయే తన షేర్లు తిరిగి కొనే బైబ్యాక్‌గానో పంచేయొచ్చు. బ్యాంకు అలా పంచలేదు. ఇచ్చే ప్రతి అప్పుకూ తగినంత సొంత మూలధనం ఉండాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. రిస్కును బట్టి తూకం వేసిన ఆస్తులపై (బ్యాంకుకు తానిచ్చిన అప్పులే ముఖ్యమైన ఆస్తులు) కనీసం 9 శాతం, దాని మీద అదనపు బఫర్ 2.5 శాతం, వెరసి 11.5 శాతం. దేశానికి కీలకమని గుర్తించిన బ్యాంకులకు ఇంకొంచెం ఎక్కువ. 2025 ఏప్రిల్ నుంచి స్టేట్ బ్యాంకుకు 0.80 శాతం, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకుకు 0.40, ఐసీఐసీఐ బ్యాంకుకు 0.20 శాతం అదనం. కాబట్టి అప్పులు పెరగాలంటే లాభంలో పెద్ద వాటా బ్యాంకులోనే ఉండిపోవాలి. షేర్‌హోల్డరు చేతికి వచ్చేది తక్కువ కాబట్టి అదే రూపాయి లాభానికి మార్కెట్ తక్కువ ధర ఇస్తుంది.

రెండో సంగతి, బ్యాంకు నడిచేది ఎక్కువగా పరాయి సొమ్ముతో. స్టేట్ బ్యాంకునే తీసుకుంటే 2025 మార్చికి అప్పులు సుమారు 42 లక్షల కోట్లు, ఏడాది లాభం 70,901 కోట్లు. ఆ ఏడాది క్రెడిట్ కాస్ట్, అంటే అప్పుల్లో ప్రొవిజన్లకు పోయిన భాగం, 0.38 శాతమే. చాలా మంచి అంకె అది. అది ఇంకో 1 శాతం పెరిగిందనుకోండి. 42 వేల కోట్లు పోయినట్టు. పన్ను మినహాయించి చూసినా లాభంలో 31 వేల కోట్ల పైన కోత. ధర కదలకపోయినా, పీఈ 10 ఉన్నది 18 అవుతుంది. మీరు చూసే 10 అనే అంకె ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో అర్థమవుతుంది.

అందుకే బ్యాంకులను బుక్ వాల్యూతో, అంటే ఆస్తుల్లోంచి చెల్లించాల్సినవన్నీ తీసేస్తే షేర్‌హోల్డర్లకు మిగిలే సొమ్ముతో కొలుస్తాం. బ్యాంకు ఆస్తులు దాదాపు అన్నీ డబ్బు రూపంలోనే ఉంటాయి కాబట్టి బుక్ వాల్యూకు ఇక్కడ ఉన్నంత అర్థం వేరే వ్యాపారాల్లో ఉండదు. ధరను ఒక్కో షేరు బుక్ వాల్యూతో భాగిస్తే పీబీ. బుక్ వాల్యూ మీద ఏడాదికి ఎంత శాతం లాభం వస్తోందో అది ఆర్‌ఓఈ. పీఈని ఆర్‌ఓఈతో గుణిస్తే పీబీ వస్తుంది, మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి.

మీ రెండు బ్యాంకులను ఈ కొలతతో చూద్దాం. షేర్‌హోల్డరు కనీసం 13 శాతం రాబడి ఆశిస్తున్నాడు, బ్యాంకు ఏటా 10 శాతం పెరుగుతుంది అనుకుందాం. ఆర్‌ఓఈలోంచి పెరుగుదల తీసేసి, ఆశించే రాబడిలోంచి కూడా పెరుగుదల తీసేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఉండాల్సిన పీబీ వస్తుంది. ఆర్‌ఓఈ 17 అయితే 7ను 3తో భాగించాలి, పీబీ 2.3, పీఈ 13.7. ఆర్‌ఓఈ 14 అయితే పీబీ 1.3, పీఈ 9.5. ఆర్‌ఓఈ 13 అయితే పీబీ 1, పీఈ 7.7. చూశారా, 9.5 పీఈ ఉన్న బ్యాంకు, 13.7 పీఈ ఉన్న బ్యాంకు రెండూ సరైన ధరకే ఉన్నాయి. ఒకటి చవకా కాదు, ఇంకోటి ఖరీదూ కాదు.

గాజువాక_ట్రేడర్:
సీఏ గారూ, లెక్క బాగుంది. కానీ ఇందులో 13, 10 అన్నవి మీరు అనుకున్న అంకెలే కదా? పెరుగుదల 11 పెడితే మొత్తం మారిపోతుంది. పీఈలో కనీసం ధర నిజం, లాభం నిజం.

సిరిపురం_సీఏ:
నిజమే తమ్ముడూ. 11 పెడితే ఆర్‌ఓఈ 17 ఉన్న బ్యాంకు పీబీ 3 అవుతుంది. అందుకే నేను ఆ సూత్రంతో ధర తేల్చను. రెండు బ్యాంకుల మధ్య పీఈ తేడా న్యాయమేనా అని చూడటానికే వాడతాను. 'లాభం నిజం' అన్నావు చూడు, దాని గురించి భీమిలి గారు రాస్తే బాగుంటుంది, ఆయన ఫలితాలు పేజీ పేజీ చదువుతారు.

భీమిలి_లాంగ్‌టర్మ్:
పిలిచారు కాబట్టి చెబుతాను. పీఈలో ఆ 'ఈ' ఏ లాభమో చూడకుండా ముందుకు వెళ్లకూడదు.

2024 ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో కోటక్ మహీంద్రా బ్యాంకు లాభం 6,250 కోట్లు. అందులో 2,730 కోట్లు జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలో వాటాను జ్యూరిచ్ సంస్థకు అమ్మినందుకు పన్ను పోగా వచ్చినవి. ఆ సొమ్ము మళ్లీ రాదు. కానీ తర్వాతి ఏడాది పొడవునా యాప్‌లు చూపించే పీఈలో అది కలిసే ఉంటుంది, ఎందుకంటే అవి గడిచిన నాలుగు త్రైమాసికాల లాభం తీసుకుంటాయి. ఉలటా కూడా జరుగుతుంది. 2023 అక్టోబర్-డిసెంబర్‌లో స్టేట్ బ్యాంకు పింఛన్ల భారం కోసం 7,100 కోట్లు ఒకేసారి పక్కన పెట్టింది, ఆ త్రైమాసికం లాభం 9,164 కోట్లకు పడింది. బ్యాంకు వ్యాపారం ఆ మూడు నెలల్లో చెడిపోలేదు.

విలీనాలు ఇంకో తలనొప్పి. 2023 జూలై 1న ఇంటి అప్పుల సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసింది, ఆ సంస్థ 25 షేర్లకు 42 బ్యాంకు షేర్లు ఇచ్చారు. షేర్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగింది, లాభం మాత్రం కొన్ని త్రైమాసికాలు పాతది, కొన్ని కొత్తది. ఆ ఏడాది మధ్యలో కట్టిన పీఈకి అర్థం లేదు. 2025 ఆగస్టులో అదే బ్యాంకు ఒకటికి ఒకటి బోనస్, అంటే ప్రతి షేరుకూ ఇంకో షేరు ఉచితంగా ఇచ్చింది. ధర సగమైంది కాబట్టి పాత ఈపీఎస్‌ను కూడా సగం చేసి చూడాలి. అలా చేయకపోతే పీఈ ఉన్నట్టుండి సగమైనట్టు కనిపించి, ఎంత చవకో అనిపిస్తుంది.

ఎంవీపీ_లెక్చరర్:
దీనికి ఒక చేదు ఉదాహరణ కలుపుతాను. కామర్స్ విద్యార్థులకు తప్పకుండా చెబుతుంటాను. 2015-16కి యెస్ బ్యాంకు చూపించిన స్థూల మొండి బకాయిలు (ప్రొవిజన్లు తీసేయకముందు మొత్తం) సుమారు 749 కోట్లు. రిజర్వ్ బ్యాంక్ తనిఖీలో తేలినవి సుమారు 4,926 కోట్లు. ఆరు రెట్లకు పైగా తేడా. ఆ రోజుల్లో ఆ బ్యాంకు లాభాలు అందంగా పెరుగుతున్నాయి, పీఈ కూడా సాటి బ్యాంకుల పక్కన పెడితే భయపెట్టేదిగా లేదు. 2020 మార్చి 5న మారటోరియం, అంటే చెల్లింపులపై తాత్కాలిక ఆంక్షలు పెట్టి, ఖాతాదారుడు 50 వేలకు మించి తీసుకోకూడదన్నారు. బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయడానికి వీలున్న ఏటీ1 బాండ్లు 8,415 కోట్లవి పూర్తిగా రద్దు చేశారు. లాభం అంకెను నమ్మలేనప్పుడు పీఈ, పీబీ రెండూ కూలిపోతాయి, ఎందుకంటే దాచిన నష్టం బుక్ వాల్యూలో కూడా దాగి ఉంటుంది. సీఏ గారు బుక్ వాల్యూ మీద పెట్టిన నమ్మకానికి ఈ ఒక్క షరతు ఉండాలి.

సిరిపురం_సీఏ:
పూర్తిగా ఒప్పుకుంటాను. అందుకే కొందరు బుక్ వాల్యూలోంచి నికర మొండి బకాయిలు (ప్రొవిజన్లు పోగా మిగిలినవి) తీసేసి, సర్దిన బుక్ వాల్యూతో పీబీ కడతారు. జాగ్రత్తపరులు అలాగే చేయాలి.

ఉక్కునగరం_రిటైర్డ్:
ఇంత ఓపికగా రాస్తున్నందుకు అందరికీ ధన్యవాదాలు. మా మిత్రుడి మాట ఇంకా మిగిలిపోయింది. ప్రభుత్వ బ్యాంకు పీఈ ఎప్పుడూ తక్కువే ఉండటానికి న్యాయమైన కారణం ఉందా? లేక జనం భయమేనా?

ఎంవీపీ_లెక్చరర్:
కారణం ఉందండి. మెజారిటీ వాటా ప్రభుత్వానిది, నిర్ణయాల్లో షేర్‌హోల్డరు లాభం ఒక్కటే కొలమానం కాదు. మన ఆంధ్రా బ్యాంకే చూడండి. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు స్థాపించారు. ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లలో దాని షేర్లు ఉండేవో! 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేశారు. వెయ్యి షేర్లకు 325 షేర్లు ఇచ్చారు. కలపాలా వద్దా అన్నది చిన్న షేర్‌హోల్డర్లు తేల్చింది కాదు. ఆ అనిశ్చితికి మార్కెట్ తగ్గింపు అడుగుతుంది. విదేశీ పెట్టుబడిదారుల వాటాకు కూడా ప్రభుత్వ బ్యాంకుల్లో 20 శాతం పరిమితి, ప్రైవేటులో 74 శాతం. కొనేవాళ్ల గుంపే చిన్నది.

పాత_క్రెడిట్_ఆఫీసర్:
లెక్చరర్ గారూ, ఆంధ్రా బ్యాంకు పేరు వింటే నాకూ బాధగానే ఉంటుంది. కానీ విలీనానికి ముందు 2017-18, 2018-19 రెండేళ్లూ అది నష్టాల్లో ఉంది. ఆ 325 అన్న నిష్పత్తికి ప్రభుత్వ యాజమాన్యాన్ని మాత్రమే కారణం చేయలేం, మొండి బకాయిలదీ అందులో పెద్ద వాటా. పైగా అన్ని ప్రభుత్వ బ్యాంకులకూ ఒకే తగ్గింపు వేయడం నాకు నచ్చదు. డిపాజిట్లు చవకగా వచ్చే పెద్ద బ్యాంకుకు, కష్టాల్లో ఉన్న చిన్న బ్యాంకుకు ఒకే కొలత ఎలా పెడతాం? ప్రైవేటు అన్నంత మాత్రాన లెక్కలు శుభ్రమనీ కాదు. 2025 మార్చిలో ఇండస్‌ఇండ్ బ్యాంకు డెరివేటివ్ (కరెన్సీ, వడ్డీ రేట్ల మార్పులతో ముడిపడిన ఒప్పందాల) లెక్కల్లో తేడా ఉందని చెప్పినప్పుడు షేరు ఒక్కరోజులో 27 శాతం పడింది.

ఎంవీపీ_లెక్చరర్:
తగ్గింపు ఎంత ఉండాలన్న దగ్గర మీతో వాదించను. అసలు ఉండకూడదంటే మాత్రం ఒప్పుకోలేను. పదేళ్లు ఉంచుకునేవాడికి యజమాని ఎవరన్నది పెద్ద విషయమే.

మోడరేటర్:
చర్చ బాగా సాగుతోంది. ఫలానా షేరు కొనండి, అమ్మండి అన్న సలహాలు మాత్రం ఇక్కడ వద్దు, ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు కూడా. ఒకరిద్దరు ప్రైవేటు మెసేజిల్లో టిప్స్ అడుగుతున్నారని తెలిసింది, దయచేసి మానుకోండి.

ఉక్కునగరం_రిటైర్డ్:
ఒక త్రైమాసిక ఫలితం నా ముందుంటే, పీఈ నమ్మే ముందు ఏ అంకెలు చూడాలి? నాకు అర్థమయ్యేంత తేలికగా చెప్పండి.

పాత_క్రెడిట్_ఆఫీసర్:
నేనైతే ముందు లాభం చూడను. స్లిపేజీలు చూస్తాను, అంటే ఆ మూడు నెలల్లో కొత్తగా మొండి బకాయిలుగా మారిన అప్పులు. స్థూల ఎన్‌పీఏ (మొండి బకాయిల) శాతం తగ్గిందని పత్రికల్లో వస్తుంది. కానీ పాత బకాయిలు రద్దు చేసినా, మొత్తం అప్పులు పెరిగినా ఆ శాతం తగ్గుతుంది. స్లిపేజీలు మాత్రం బ్యాంకు ఇప్పుడు ఎలాంటి అప్పులు ఇస్తోందో చెప్పేస్తాయి. దాని పక్కనే ప్రొవిజన్ కవరేజీ చూడండి. మొండి బకాయిల్లో 75 శాతానికి ముందే డబ్బు పక్కన పెట్టిన బ్యాంకు లాభం, 50 శాతమే పెట్టిన బ్యాంకు లాభం ఒకటి కాదు. రెండోదానికి ఇంకా చెల్లించాల్సింది మిగిలే ఉంది.

తర్వాత ప్రొవిజన్లకు ముందు లాభం. ప్రొవిజన్లు తగ్గడం వల్ల మాత్రమే నికర లాభం పెరిగితే ఆ పెరుగుదల ఎన్నాళ్లో నిలవదు. పాత ప్రొవిజన్లు వెనక్కి తీసుకుని లాభంలో కలిపారేమో కూడా చూడాలి.

గాజువాక_ట్రేడర్:
వడ్డీ రేట్ల సంగతి నేను చెబుతాను, అది రోజూ చూసేదే. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు, 6.50 నుంచి 5.50కి వచ్చింది. రెపోతో ముడిపడిన ఇంటి అప్పుల వడ్డీ త్వరగా తగ్గుతుంది. అంకుల్ వేసుకున్న ఎఫ్‌డీ వడ్డీ మాత్రం గడువు తీరేదాకా తగ్గదు. ఆ మధ్యకాలంలో బ్యాంకు మార్జిన్ (వచ్చే వడ్డీకీ ఇచ్చే వడ్డీకీ మధ్య తేడా) నలిగిపోతుంది, లాభం తగ్గి పీఈ పెరిగినట్టు కనిపిస్తుంది. డిపాజిట్లు కొత్త రేటుకు మారాక మార్జిన్ తేరుకుంటుంది. అందుకే రేట్లు తగ్గే కాలంలో పీఈ పెరిగిందని బ్యాంకును తీసిపారేయకూడదు. ఇక్కడి మాటలు చదివాక కూడా నేను పీఈని వదిలిపెట్టను, కానీ ఒకే బ్యాంకు పదేళ్ల సగటు పీఈతో ఇప్పటిదాన్ని పోల్చుకోవడానికే వాడతాను. వేరే బ్యాంకుతో పోల్చడానికి పీబీ, ఆర్‌ఓఈ చూస్తాను.

మధురవాడ_టెకీ:
అనుబంధ కంపెనీలను ఏం చేయాలి? ఐసీఐసీఐకి, స్టేట్ బ్యాంకుకి ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్ కంపెనీలు ఉన్నాయి కదా.

భీమిలి_లాంగ్‌టర్మ్:
మంచి ప్రశ్న. బ్యాంకు షేరు ధరలో ఆ కంపెనీల విలువ కూడా కలిసి ఉంటుంది. ధర మొత్తానిది తీసుకుని లాభం స్టాండలోన్‌ది తీసుకుంటే పీఈ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. రెండు దార్లున్నాయి. ఒకటి, కన్సాలిడేటెడ్, అంటే అనుబంధ కంపెనీల లాభం కూడా కలిపిన ఈపీఎస్‌తో పీఈ కట్టడం. రెండు, లిస్టయిన అనుబంధ కంపెనీల్లో బ్యాంకు వాటా విలువను షేరు ధరలోంచి తీసేసి, మిగిలినదాన్ని బ్యాంకు సొంత లాభంతో భాగించడం. రెండోది కాస్త శ్రమే, పెద్ద ప్రైవేటు బ్యాంకుల దగ్గర తేడా బాగానే తెలుస్తుంది. ఆ వాటాలన్నీ అమ్మేస్తే పన్ను పడుతుంది కాబట్టి కొందరు విలువలో కొంత తగ్గించి లెక్క వేస్తారు. యాప్ చూపించే పీఈ స్టాండలోనా, కన్సాలిడేటెడా అన్నది ముందు తేల్చుకోండి. రెండు యాప్‌లు ఒకే షేరుకు రెండు పీఈలు చూపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

ఉక్కునగరం_రిటైర్డ్:
ఇప్పుడు నా 10, 20 ఎలా పోల్చాలో తెలిసింది. రెండు బ్యాంకుల ఐదేళ్ల ఆర్‌ఓఈ, స్లిపేజీలు రాసుకుని ఒక కాగితం మీద పెడతాను. లెక్చరర్ గారు చెప్పిన ఆ తేడా, బ్యాంకు చూపించిన మొండి బకాయిలకూ రిజర్వ్ బ్యాంక్ తేల్చినవాటికీ మధ్య తేడా, మామూలు మనిషికి ఎక్కడ దొరుకుతుంది?

సిరిపురం_సీఏ:
వార్షిక నివేదికలో ఉంటుందండి. తేడా నిర్ణీత పరిమితి దాటితే దాన్ని బయటపెట్టాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన ఉంది. ఆర్థిక నివేదికల వెనక వచ్చే నోట్సులో ఆస్తుల వర్గీకరణ, ప్రొవిజనింగ్‌లో తేడాలు అన్న అంశం వెతకండి. పీడీఎఫ్‌లో 'డైవర్జెన్స్' అని కొడితే ఆ పేజీకి తీసుకెళ్తుంది. ఒక్క ఏడాది చూసి ఆగకండి, వరుసగా నాలుగైదేళ్ల నివేదికలు తెరవండి. మీరు పెట్టే సొమ్ము ఎంతైనా సరే, ఆ కాగితం పూర్తయ్యాక ఇక్కడే పెట్టండి, అంకెలు నేను ఒకసారి సరిచూస్తాను.